హైదరాబాద్‌లో టెంపే: సోయా గింజ నుంచి అమ్మకం దాకా మా అనుభవం

ఇండోనేషియాలోని జావా ద్వీపంలో టెంపే రోజూ తినే తిండి. ఉడికిన సోయా పప్పుకు ఒక రకం తెల్ల బూజు పట్టిస్తారు. ఆ బూజు దారాలు పప్పు బద్దల్ని ఒకదానికొకటి అల్లేసి, ఒకటిన్నర రోజులో గట్టి దిమ్మగా కట్టేస్తాయి. దాన్ని ముక్కలు కోసి వేయించుకుంటారు, కూరల్లో వేసుకుంటారు. తూర్పు జావాలోని మలాంగ్‌లో సనాన్ అని ఒక పేట ఉంది. అక్కడ వీధుల వెంట ఇళ్లలోనే టెంపే కడతారు, ముందు గదిలో కొట్టు పెట్టి టెంపే చిప్స్ అమ్ముతారు. అక్కడ తిని ఇష్టపడి, చేసేవాళ్ల దగ్గర పని చూసి నేర్చుకుని, హైదరాబాద్‌లో దీన్ని వ్యాపారంగా నిలబెట్టాం. ఇప్పుడు యూనిట్ తన ఖర్చులు తాను తెచ్చుకుని లాభంలో నడుస్తోంది. ఈ దారిలోకి వద్దామనుకునేవాళ్లకు పనికొచ్చేలా మొత్తం పద్ధతి రాస్తున్నాం.

ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. జావాలో టెంపే పొద్దున బజారుకొస్తే సాయంత్రానికి ఖాళీ అవుతుంది. ఒకవేళ మిగిలి బూజు ముదిరినా, ఆ ముదిరిన టెంపేను కూడా సాంబల్ అనే మిరప పచ్చడిలో రుచి కోసం నూరుకుంటారు. మన దగ్గర అలా కాదు. సరుకు కొట్లో రోజుల తరబడి ఉంటుంది, కాస్త రంగు మారితే ఎవరూ ముట్టరు. కాబట్టి బూజు పట్టించడం ఎంత ముఖ్యమో, సరైన గంటకు దాన్ని ఆపడం అంతకంటే ముఖ్యం. వంటింట్లో రెండు మూడుసార్లు బాగా కుదిరింది కదా అని యూనిట్ మొదలుపెట్టేవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

గింజ

ఇండోనేషియా తన సోయాలో ఎక్కువ భాగం అమెరికా నుంచి దిగుమతి చేసుకుంటుంది. మనకు ఆ ఇబ్బంది లేదు. తెలంగాణలో ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి, సంగారెడ్డి వైపు వానాకాలం పంటగా సోయా వేస్తారు. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ సరుకు ఎలాగూ దొరుకుతుంది. 2025–26కు ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 5,328 రూపాయలు. తినడానికి పనికొచ్చేలా శుభ్రం చేసి, గ్రేడింగ్ చేసిన గింజ కొంటే దానిమీద మరికొంత పడుతుంది. ఆ తేడాకు వెనకాడకండి.

కొనేటప్పుడు చూడాల్సినవి: ఆ ఏడాది పంటే కావాలి, గింజలన్నీ దాదాపు ఒకే సైజులో ఉండాలి, తేమ 12 శాతం దాటకూడదు. పాత గింజ గంటన్నర ఉడికినా లోపల గట్టిగానే ఉంటుంది. పగుళ్లున్న గింజలు ఎక్కువుంటే ఉడికేసరికి ముద్దవుతాయి. విత్తనం కోసం శుద్ధి చేసి మిగిలిపోయిన గింజలు తక్కువ ధరకు వస్తాయని ఎవరైనా చెబితే అసలు తీసుకోవద్దు. వాటికి శిలీంద్రనాశిని పట్టించి ఉంటుంది. తింటే విషం. మన బూజు కూడా దానిమీద బతకదు.

పొట్టు, నానబెట్టడం, ఉడకబెట్టడం

బూజు పొట్టు మీద పెరగదు. పొట్టు ఉన్నచోట దిమ్మలో ఖాళీ పడి, కోస్తే అక్కడే విరుగుతుంది. రెండు మూడు కిలోలైతే నానబెట్టిన గింజల్ని నీళ్లలో చేత్తో పిసికి, తేలిన పొట్టు వంపేయొచ్చు. అంతకు మించితే చెయ్యి చాలదు. పొడి గింజనే మరలో రాళ్ల మధ్య సందు పెంచి రెండు బద్దలుగా పగలగొట్టించి, పొట్టు తూర్పారబట్టడం నయం. మేం పది కిలోలు దాటాక చిన్న పప్పు మర కొన్నాం. పగలగొట్టాక నూక తప్పకుండా జల్లించాలి. నూక బద్దల మధ్య సందుల్లో కూరుకుపోతే గాలి ఆడదు, గాలి లేకపోతే బూజు పెరగదు.

కిలో పప్పుకు మూడు లీటర్ల నీళ్లు. చలికాలం 10–12 గంటలు, ఎండాకాలం 6–8 గంటలు నానితే సరిపోతుంది. జావాలో నానే నీళ్లను పులవనిస్తారు. ఆ పులుపు చెడ్డ బాక్టీరియాను అణిచేస్తుంది, బూజుకు మాత్రం ఇబ్బంది ఉండదు. మేలో హైదరాబాద్ వేడికి ఆ నీళ్లు పులిసే బదులు కంపు కొట్టే ప్రమాదం ఎక్కువ. అందుకే మేం ఎండాకాలం తక్కువసేపు నానబెట్టి, ఒకసారి నీళ్లు మార్చి, ఉడుకు ముగిసే ముందు కిలో పప్పుకు 30 మిల్లీలీటర్ల వంటింటి వెనిగర్ పోస్తాం. పులుపు ఎంతుందో చూపే పీహెచ్ కాగితం పెట్టి చూస్తే 5కు దగ్గర్లో ఉండాలి (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ).

ఉడకడానికి 40–45 నిమిషాలు పడుతుంది. వెడల్పాటి గిన్నెలో, మూత లేకుండా. మొదట్లో నురగ పొంగుతుంది, గరిటెతో తీసేయాలి. ప్రెషర్ కుక్కర్ వాడొద్దు. సోయా నురగ, మిగిలిన పొట్టు కలిసి ఆవిరి దారి మూసేస్తాయి, అది నిజంగా ప్రమాదం. పైగా పప్పు ముద్దవుతుంది. బద్దను వేళ్ల మధ్య నొక్కితే విరగాలి, మెదగకూడదు.

ఆరబెట్టడం

టెంపే పాడైందని మా దగ్గరికి వచ్చి అడిగేవాళ్లలో ఎక్కువమందికి తప్పు ఇక్కడే జరుగుతుంది. పప్పు వార్చి, వేడిగా ఉన్నప్పుడే స్టీలు జల్లెడ ట్రేల్లో పలచగా పరిచి ఫ్యాను కింద పెట్టాలి. వేడి ఉన్నంతసేపు తడి దానంతటదే ఆవిరైపోతుంది. చల్లారిన తర్వాత ఆరబెట్టాలంటే గంటలు పడుతుంది, ఆలోగా గాలిలోని బాక్టీరియా చేరిపోతుంది. బద్ద లోపల తేమ ఉండాలి, పైన చెమ్మ ఉండకూడదు. గుప్పెడు పప్పు పొడి నూలు గుడ్డలో వేసి కదిపితే గుడ్డకు తడి అంటకూడదు. తూకం కూడా సాయం చేస్తుంది. కిలో ఎండు పప్పు ఈ దశకొచ్చేసరికి రెండు కిలోలకు కాస్త అటూఇటూ ఉండాలి. బాగా పైకి పోయిందంటే నీళ్లు మిగిలిపోయినట్టే.

తోడు

పాలకు తోడు వేసినట్టే ఇక్కడా తోడు వేయాలి. అది రైజోపస్ ఒలిగోస్పోరస్ అనే బూజు బీజాల పొడి. ఇండోనేషియాలో రగి అంటారు, బాండుంగ్‌లో తయారయ్యే రాప్రిమా అక్కడ ఎక్కువగా వాడే బ్రాండు. సామాన్లలో రెండు ప్యాకెట్లు తెచ్చుకుని ఇంట్లో చేసుకోవడం వేరు, వ్యాపారం వేరు. బిల్లు, బ్యాచ్ నంబరు ఉన్న తోడు ఇక్కడే అమ్మేవాళ్ల దగ్గర కొనండి. చండీగఢ్‌లో ప్రభుత్వ సూక్ష్మజీవుల బ్యాంకు ఎంటీసీసీ నుంచి శుద్ధమైన కల్చర్ తెచ్చుకుని అన్నం మీద పెంచుకోవచ్చు కానీ, దానికి ల్యాబు పని తెలిసిన మనిషి ఉండాలి. చేసిన టెంపే నుంచే మళ్లీ మళ్లీ తోడు తీస్తూ పోతే కొన్ని తరాలకు బలం తగ్గి, వేరే క్రిములు కలుస్తాయి. కొత్త లాటు ఏది వచ్చినా ముందు 200 గ్రాముల పప్పు మీద వేసి చూసి, ఆ తర్వాతే పెద్ద బ్యాచ్‌కు వాడాలి.

పప్పు 35 డిగ్రీలకు దిగాకే తోడు కలపాలి. కిలో ఎండు పప్పుకు చలికాలం 2 గ్రాములు, ఎండాకాలం 1.5 గ్రాములు. అంత కొంచెం పొడి సమంగా కలవదు కాబట్టి, వేయించి చల్లార్చిన బియ్యప్పిండి దానికి పదింతలు తీసుకుని, ముందు అందులో కలిపి, అది పప్పు మీద చల్లుతూ రెండు మూడు నిమిషాలు కలియబెట్టాలి. సరిగ్గా కలవకపోతే ఒక ప్యాకెట్టు తెల్లగా, పక్క ప్యాకెట్టు పచ్చి పప్పులా తయారవుతాయి.

ప్యాకెట్టు, గది

ఫుడ్ గ్రేడ్ కవర్లో 200 గ్రాములు నింపి, 2.5 సెంటీమీటర్ల మందంలో పరవాలి. రెండువైపులా సెంటీమీటరు, సెంటీమీటరున్నర దూరంలో సన్నని సూదితో చిల్లులు. చిల్లులు తక్కువైతే మధ్యలో తడి మచ్చలు, పుల్లటి వాసన. పెద్దవైతే వాటి చుట్టూ నల్లబడుతుంది. మందం 4 సెంటీమీటర్లు దాటితే మధ్యలో వేడి బయటకు పోదు. అరటాకులో కడితే చిల్లుల గొడవ లేదు, వాసన కూడా బాగుంటుంది. కానీ ఆకు తుడిచి కట్టే పని ఎక్కువ. వారాంతపు సంతల్లో అమ్మే సరుకు వరకే మేం ఆకులో కడతాం.

గది 30–31 డిగ్రీలు ఉండాలి. ప్యాకెట్లు బల్ల మీద కాదు, వైరు ర్యాకుల మీద, అన్నివైపులా గాలి ఆడేలా పెట్టాలి. మొదటి 10–12 గంటలు ఏమీ జరగనట్టే కనిపిస్తుంది. ఆ సమయంలో బయటి నుంచి వేడి కావాలి. తర్వాత కవరు లోపల సన్నగా ఆవిరి పడుతుంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ఇక్కడి నుంచి బూజు తన వేడి తానే పుట్టిస్తుంది. వెంటనే హీటరు ఆపి, ప్యాకెట్లు ఎడంగా జరిపి, ఫ్యాను పెట్టాలి. గది ఉష్ణోగ్రత చూసి నిశ్చింతగా ఉండొద్దు. ఒక ప్యాకెట్టు మధ్యలో థర్మామీటరు సూది గుచ్చి ఉంచాలి. అక్కడ 38 దాటనివ్వకూడదు. 42–43కు పోయిందంటే బూజు బలహీనపడి, వేడికి తట్టుకునే బాక్టీరియా రాజ్యమేలుతుంది. అమ్మోనియా ఘాటు, జిగురు, గోధుమ రంగు.

డిసెంబరు రాత్రుల్లో గదికి హీటరు కావాలి. మే నెలలో తిప్పలు బూజు సొంత వేడి పుట్టించే రెండో దశలో మొదలవుతాయి. గది 36 ఉంటే, సొంత వేడి తోడై ప్యాకెట్టు మధ్య 45 అయిపోతుంది. అందుకే ఎండాకాలం రెండో దశకు ఏసీ గది విడిగా పెట్టి, 26 దగ్గర నడుపుతాం. కరెంటు పోతే ఏసీ ఆగుతుంది, లోపలి వేడి ఆగదు. ఇన్వర్టరు మీద కనీసం ఫ్యాన్లయినా తిరగాలి.

మొత్తం 28 నుంచి 34 గంటల్లో దిమ్మ కడుతుంది. అంతటా తెల్లగా, బద్దల ఆకారం లోపలి నుంచి లీలగా కనిపిస్తూ ఉండాలి. ఒక మూల పట్టి ఎత్తితే మొత్తం లేవాలి. వాసన తాజా పుట్టగొడుగులా ఉంటుంది. అడ్డంగా కోస్తే సందులన్నీ తెల్లగా నిండి ఉండాలి.

ఏది పారేయాలి, ఏది పర్లేదు

చిల్లుల దగ్గర బూడిద రంగు, నలుపు వస్తే బూజు బీజాలు వేయడం మొదలైందని అర్థం. వాసన బాగుంటే తినొచ్చు. కానీ కొత్త కస్టమరుకు అది నచ్చజెప్పలేం, కాబట్టి అమ్మకానికి పెట్టం. పచ్చ, గులాబీ, నారింజ మచ్చలు కనిపిస్తే ఆ ముక్క కోసి తీసేయడం కాదు, ప్యాకెట్టు మొత్తం పారేయాలి. జిగురు సాగినా, అమ్మోనియా కొట్టినా అంతే. ఒకే ట్రేలో రెండు మూడు అలా వస్తే ఆ ట్రే అంతా తీసేసి, ర్యాకు వేడి నీళ్లతో కడిగి ఎండలో పెడతాం.

ఒక హెచ్చరిక. మన వంటల్లో కొబ్బరి ఎక్కువ కదా, కొబ్బరి కోరుతో, గానుగ కొబ్బరి పిండితో టెంపే చేద్దామని కొందరికి అనిపిస్తుంది. వద్దు. జావాలో అలాంటి టెంపే బొంగ్‌క్రెక్ తిని మనుషులు చనిపోయారు. కొబ్బరి మీద పెరిగే ఒక బాక్టీరియా బొంగ్‌క్రెకిక్ ఆమ్లం అనే విషం తయారు చేస్తుంది, ఉడికించినా అది పోదు. ఇండోనేషియా ప్రభుత్వం 1988లో దాని తయారీని నిషేధించింది. ప్రయోగం చేయాలనుంటే శనగలతోనో అలసందలతోనో చేయండి.

ఆపడం

తయారైన టెంపే గది నుంచి బయటికొచ్చినా లోపల బూజు పని చేస్తూనే ఉంటుంది, వేడి పుడుతూనే ఉంటుంది. వెచ్చటి ప్యాకెట్లను ఫ్రిజ్‌లో ఒకదానిమీద ఒకటి పేరిస్తే, కింద మధ్యలో ఉన్నవి రాత్రంతా పనిచేసి తెల్లారేసరికి నల్లబడతాయి. ఒకే వరసలో పరిచి, పూర్తిగా చల్లబడ్డాకే పేర్చాలి. అలా 4 డిగ్రీల్లో ఉంచిన పచ్చి టెంపే ఐదారు రోజులు బాగుంటుంది.

రెస్టారెంట్లకు, దూరం పోయే సరుకుకు వేరే దారి. దిమ్మ మధ్యలో 80 డిగ్రీలు వచ్చేదాకా ఆవిరి పట్టి, చల్లార్చి, వాక్యూమ్ చేసి, మైనస్ 18లో గడ్డకట్టిస్తాం. అలా మూడు నెలలు నిల్వ ఇస్తాం. ఇక్కడ చాలామంది ఒక అడుగు దాటేస్తారు. వాక్యూమ్ చేశాం కదా, మామూలు ఫ్రిజ్‌లో ఉన్నా పర్లేదనుకుంటారు. టెంపేలో పులుపు ఉండదు, పీహెచ్ 6.5కు పైనే. గాలి, పులుపు లేని తిండికి చలి తగ్గితే, ప్రాణం తీయగల బాట్యులిజం విషం పుట్టించే బాక్టీరియాకు చోటు దొరుకుతుంది. వాక్యూమ్ సరుకు గడ్డకట్టి ఉండాల్సిందే. కరిగించుకున్నాక ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వండేయమని లేబుల్ మీద వేస్తాం.

కాగితాలు, లేబులు

కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి లేకుండా పక్కింటికి అమ్మినా తప్పే. మేం తీసుకున్నప్పటి నిబంధన ప్రకారం ఏడాది టర్నోవర్ 12 లక్షలు దాటనంతవరకు రిజిస్ట్రేషన్ చాలేది, దాటితే రాష్ట్ర లైసెన్సు కావాల్సి వచ్చేది. దరఖాస్తు ఆ సంస్థ ఆన్‌లైన్ పోర్టల్ ఫాస్కాస్‌లో. ఆహార వర్గం ఏది ఎంచుకోవాలన్న దగ్గర టెంపేకు తికమక వస్తుంది. ఊహించి నింపకుండా, తయారీ పద్ధతి ఒక పేజీలో రాసుకుని అధికారిని అడిగి నింపడం మేలు. నీటి పరీక్ష, ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో సరుకు పరీక్ష చేయించుకోండి. లేబుల్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, పచ్చ చుక్క, సోయా ఉందన్న అలర్జీ హెచ్చరిక, నికర బరువు, ఎంఆర్‌పీ, తేదీలు తప్పనిసరి. పాలు, గుడ్లతో సహా జంతు పదార్థమేదీ లేదని చెప్పే వీగన్ ముద్ర వేయాలంటే 2022 నిబంధనల కింద విడిగా ఆమోదం కావాలి, పచ్చ చుక్క ఉందని అది వేసుకోకూడదు.

వంద గ్రాములకు దాదాపు 19–20 గ్రాముల ప్రోటీన్ అన్నది నిజం, రాసుకోవచ్చు. బి12 విటమిన్ ఉందని మాత్రం రాయకండి. శుద్ధమైన తోడుతో చేసిన టెంపేలో అది ఉంటుందన్న నమ్మకం లేదు. మాంసాహారం మానేసినవాళ్లు మన మాట నమ్మి మాత్రలు మానేస్తే ఆ పాపం మనదే.

యంత్రాలకు పెట్టుబడి చాలకపోతే, చిన్న ఆహార తయారీ యూనిట్లకు 2025–26 దాకా మంజూరైన కేంద్ర పథకం పీఎంఎఫ్ఎంఈ ఇప్పుడు నడుస్తోందేమో కనుక్కోండి. బ్యాంకు రుణంతో ముడిపెట్టి 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు ఇచ్చేవారు. వాక్యూమ్ యంత్రం, డీప్ ఫ్రీజర్లు, పప్పు మర దానికింద వచ్చేవి.

ధర, అమ్మకం

కిలో గింజలకు 1.6–1.7 కిలోల టెంపే వస్తుంది. కాబట్టి కిలో టెంపేలో సోయా ఖర్చు 40 రూపాయల లోపే. అది చూసి లాభాల లెక్క వేసుకోకండి. కూలి, గ్యాసు, కరెంటు, ప్యాకింగు కలిస్తే సోయా ఖర్చుకు మూడింతలు దాటుతుంది. ఆపైన చల్లగా చేరవేసే ఖర్చు. చిల్లర కొట్లు పాతిక నుంచి ముప్పై శాతం తీసుకుంటాయి, అమ్ముడు కానిది తిరిగిచ్చేస్తాయి. ఆ తిరుగు సరుకే మొదట్లో నడుము విరగ్గొడుతుంది. మేం పచ్చి సరుకును ముందు ఆర్డరు ఉన్నవాళ్లకే ఇచ్చి, కొట్లకు గడ్డకట్టిన సరుకే పంపుతాం. ఈ ఒక్క నిర్ణయంతో నష్టం బాగా తగ్గింది.

కొనేవాళ్లలో జిమ్‌కు వెళ్లేవాళ్లు, వీగన్ కెఫేలు, ఆగ్నేయాసియాలో ఉండొచ్చిన కుటుంబాలు ముందుంటారు. వాళ్లు తెలిసే వస్తారు. మిగతావాళ్లకు పచ్చి దిమ్మ చూపిస్తే బూజు పట్టిందనే అంటారు, అందులో తప్పేం లేదు. వండి పెడితేనే కొంటారు. ఇక్కడ జావా వంటే మనకు సాయం చేసింది. అక్కడ టెంపేను ఉప్పు, వెల్లుల్లి, ధనియాలు, పసుపు నూరి చింతపండు నీళ్లలో కలిపి, అందులో నానబెట్టి వేయిస్తారు. ఇందులో మన పోపులపెట్టెలో లేనిదేముంది! సెంటీమీటరు మందం ముక్కలు, ఇరవై నిమిషాలు నాననిచ్చి, పెనం మీద రెండువైపులా ఎర్రగా కాల్చి, కారప్పొడితో పెడితే అడిగి మరీ తింటారు. ప్యాకెట్టు వెనక ఇదే రాశాం. పులుసులో వేసేవాళ్లు ముందు పది నిమిషాలు ఆవిరి మీద ఉడికించాలి, చిరుచేదు పోయి పులుసు లోపలికి పడుతుంది. పచ్చి ముక్కలు నేరుగా సాంబారులో వేస్తే ఎవరికీ నచ్చదు.

మలాంగ్ తరహా చిప్స్ రెండో సరుకు. దిమ్మను రెండు మిల్లీమీటర్ల పలచన కోసి, బియ్యప్పిండి, ధనియాలు, వెల్లుల్లి జారులో ముంచి, కరకరలాడేదాకా వేయిస్తారు. దీనికి చలి అక్కర్లేదు, సంతల్లో బాగా పోతుంది. అయితే తేమ తగలని ప్యాకింగు, నూనె మార్చే క్రమం తప్పకూడదు. పాత నూనె వాసన వచ్చిన ప్యాకెట్టు కొన్నవాళ్లు మళ్లీ రారు.

చివరగా పని వేళలు. డెలివరీ గంట నుంచి వెనక్కి లెక్కవేయండి. శుక్రవారం ఉదయం ఏడుకు సరుకు బయలుదేరాలంటే గురువారం సాయంత్రం నాలుగుకు గదిలోంచి తీసి చల్లార్చడం మొదలవ్వాలి. అంటే బుధవారం పొద్దున పదింటికి తోడు కలవాలి, మంగళవారం రాత్రి పప్పు నానాలి. ఇలా పెట్టుకుంటే సొంత వేడి పుట్టే గంటలు బుధవారం రాత్రి పదికీ రెండుకీ మధ్య పడతాయి. ఆ వేళ యూనిట్‌లో ఒక మనిషి మెలకువగా ఉండి తీరాలి. ఆ షిఫ్టుకు కూలి ఎక్కువ ఇవ్వండి, థర్మామీటరు అంకె గంటగంటకీ పుస్తకంలో రాయించండి.